సీసా మీద నానమ్మ

మా బాబాయిది హైదరాబాద్ కొత్తపేటలో పచ్చళ్ళ వ్యాపారం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇంటి వెనక రెండు గదుల్లో కారం, పసుపు పట్టించి, ఆవకాయ కలిపించి సీసాలకెత్తేవాడు. డిగ్రీ అయ్యాక నేను అక్కడే లేబుళ్ళ పని చూసేదాన్ని.

ఉద్యమం వేడెక్కి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద రోజూ ఊరేగింపులు మొదలవగానే బాబాయికి ఉన్నట్టుండి తెలంగాణ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బోర్డు మీది ‘ఆంధ్ర’కి తెల్లరంగు పూయించాడు. అదే ఆవకాయకి ‘తెలంగాణ మామిడి తొక్కు’ అని లేబుల్ వేయించాడు. ముందు వారం దాకా “వీళ్ళకి పచ్చడి పెట్టడమే రాదు” అన్న నోరది. సిగ్గులేని మనిషి. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు.

చంపాపేట కొట్లవాళ్ళు మూత తీసి వాసన చూసి సీసాలన్నీ తిప్పి పంపారు. “గింత ఆవపిండి ఏంది? అల్లమేది, ఎల్లిగడ్డేది?” అన్నారట. తొక్కులో అల్లం వెల్లుల్లి నూరి వేసి, నూనె కాచి చల్లార్చి పోస్తారని ఇన్నేళ్ళు ఇక్కడ బతికీ ఆయనకి తెలీదు. పక్కింటివాళ్ళ గిన్నెలో ఏముందో ఒక్కసారైనా చూసిన మొహమైతే కదా!

మా దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పెద్దావిడ ఇక్కడి మనిషే. ఆమె డబ్బాలోని తొక్కు నేను రోజూ లొట్టలేసుకుంటూ తినేదాన్ని. బాబాయి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నువ్వే కలుపమ్మా. సీసా మీద నీ ఫోటోనే వేయిస్తాను.”

ఆమె నమ్మింది. పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని, నన్ను తోడు తీసుకుని స్టూడియోకి వచ్చింది. “నా మనుమరాలు బడిల అందరికి చూపిస్తదట, బిడ్డా” అంది.

ఆ తొక్కుకి జనం ఎగబడ్డారు. ఏడాది తిరక్కుండా పెద్ద అంబర్‌పేటలో షెడ్డూ, మిషన్లూ వచ్చాయి. ఆమె ఫోటో మాత్రం రాలేదు. “ఆ మొహం చూసి ఎవరు కొంటారే? కాస్త కళ ఉండాలి” అంటూ బాబాయి, పోయిన మా నానమ్మ ఫోటో తెచ్చిచ్చాడు. వెల్లుల్లి వాసనొస్తే వంటింట్లోంచి లేచి వెళ్ళిపోయే మా నానమ్మది! నోరు మూసుకుని దాన్ని ప్రెస్సుకి పంపింది నేనే.

పెద్దావిడ కొత్త సీసా చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, చాలాసేపు చూసింది.

“గీమె ఎవరు, బిడ్డా?”

“మా నానమ్మ.”

“ఎల్లిగడ్డ తింటుండెనా?”

బాబాయిని ఇప్పటికీ నోరారా తిట్టుకుంటాను. ఆ రోజు మాత్రం, ఆమె కళ్ళలోకి చూడకుండా, “ఇష్టంగా తినేది” అన్నాను.