కోసేసిన ముక్క, మేనకోడలి వైవా

యూనివర్సిటీకి ఇంతకుముందు ఒక్కసారే పోయిన, ల్యాబుల మోటారు బాగు చేయడానికి. ఆ మోటారు మళ్ల తిరగలేదు, నన్ను మళ్ల పిలవలేదు. ఈసారి పిలిచింది మా అక్క బిడ్డ సౌజన్య. దేశాల నడుమ యుద్ధాలు ఎందుకొస్తయి, ఎట్ల ఆగుతయి అన్నదాని మీద ఆమె పీహెచ్‌డీ. అందుల సగం మా నాచారం, మల్లాపూర్ వర్క్‌షాపుల ముచ్చటే. మిలిటరీకి పోయే చిన్న సామాన్లు మా లేతు మిషన్ల మీదనే తయారైతయి గద. ఏడాది పొడుగునా నా పక్కన స్టూలేసుకొని రాసుకుంది. ఆఖరి పరీక్ష, వైవా, శుక్రవారం పదకొండింటికి. బయటి నుంచి వచ్చే ప్రొఫెసర్ ఒప్పుకోకపోతే నాలుగేండ్ల రాత మళ్ల మొదటికొస్తది.

పొద్దున ఎనిమిదింటికి నాచారంల షేర్ ఆటో ఎక్కిన. ఎనిమిదిన్నరకు ఉప్పల్‌ల మెట్రో. సీటు కావాలంటే ఒక స్టేషన్ వెనక్కి, నాగోలుకు పోయి ఎక్కున్రి. నేను పోలే, నిలబడ్డ. హబ్సిగూడ దాటినంక కూసున్నాయన నా ఇస్త్రీ చొక్కా చూసి, "పెళ్లికా అండీ?" అన్నడు.

"కాదన్నా, విదేశాంగ విధానం మీద మీటింగు."

ఆయన బ్యాగు ఒళ్లె పెట్టుకొని జరిగిండు. సీటు దొరికింది.

తొమ్మిదిన్నరకు రాయదుర్గం. ఆడికెల్లి సిటీ బస్సు. క్యాంటీన్‌ల ఇడ్లీ తిన్న. చట్నీ పలుచన, సాంబారు గట్టి.

వైవా ఎవరైనా వినొచ్చట, వెనక కుర్చీల కూసున్న. ప్రొఫెసర్ అడగనే అడిగిండు: "చిన్న షాపుల్లో కొలత తప్పిన ముక్కను మంచివాటిలో కలిపేస్తే ఎవరు చూస్తారమ్మా? సైన్యం ఎలా నమ్మాలి?"

"తప్పిన ముక్కకు ఎర్ర రంగు వేసి, చేసినవాళ్లే రంపంతో రెండుగా కోసేస్తారు సార్. వెనక ఆ పని చేసే ఒకాయన ఉన్నారు, ఆయన్నే అడగండి."

లేచి నిలబడి, ముందు నేనెవరో చెప్పుకున్న.

"పక్కన పెడితే చాలదా? కోయడమెందుకు?" అన్నడు ప్రొఫెసర్.

"చాలదు సార్. పక్కన పెడితే తెల్లారేసరికి నా మనసే మారుతది. వెంట్రుకంత తేడానే గదా అనిపిస్తది. అందుకే మనసు మారకముందే కోస్త."

సౌజన్య అందుకుంది: "నా నాలుగో అధ్యాయం ఇదే సార్. వెనక్కి పోయే దారిని తనే మూసేసుకున్న దేశం మాటనే ఎదుటి దేశం నమ్ముతుంది."

ప్రొఫెసర్ పెన్ను తీసి రాసుకున్నడు. నా మాట విని ఇన్‌స్పెక్టర్లు రాసుకున్నప్పుడల్లా మాల్ వాపసొచ్చింది. ఈసారి పన్నెండున్నరకు డాక్టరేటు వచ్చింది.

మూడింటికి తిరుగు మెట్రో. రాయదుర్గం మొదటి స్టేషన్, ఇద్దరికీ సీట్లు. ఊరికి ఆ కొసన ఉన్న చదువుకు ఈ కొసన మా మిషన్ల మోత అక్కరకొచ్చిందని ఉప్పల్ దాకా నా ఛాతీ దిగలే.

"పుస్తకం అచ్చయితే నా పేరు జర పెద్దగ ఎయ్యి బిడ్డా" అన్న.

"నిన్నెవరూ గుర్తుపట్టొద్దని పుస్తకమంత 'కార్మికుడు ఏడు' అనే రాసిన మామా" అంది డాక్టరమ్మ. "నాలుగేండ్లు నేను దాచిన పేరు, ఇయ్యాల నువ్వు లేచి షాపు సందు, ఫోన్ నంబరుతోటి సహా చెప్పి, లేతు పనుంటే పిలువున్రి అన్నవ్ గద!"