కట్టల్లో లెక్కపెట్టిన బాతులు

ఇంట్లో మనిషి మీద కుళ్లుకోవడం నలుగురికీ చెప్పుకునే సంగతి కాదు. అయినా పోయిన చలికాలమంతా నేను చేసిన పని అదే.

సిద్దిపేట నుంచి నారాయణరావుపేట వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఒక చెరువుంది. చలి ముదిరేసరికి ఎక్కడెక్కడి బాతులో వచ్చి అందులో దిగుతాయి. ఆదివారం పొద్దున అయిదారుగురం బండ్ల మీద వెళ్లి కట్ట మీద నడుస్తాం. మమ్మల్ని కూడగట్టింది రిటైరైన ఒక బడిపంతులు. అందరం ఆయన్ను సారు అంటాం. మిగతావాళ్ల దగ్గర చేయంత పొడుగు లెన్సులున్నాయి. లకుముకిపిట్ట ముక్కున ఉన్న చేప పొలుసులు కూడా కనబడేలా తీస్తారు. నాది సెకండ్‌హ్యాండ్ కెమెరా. దూరంగా ఉన్న పిట్ట దాంట్లో పిట్టేనని తెలుస్తుంది, అంతే. అయినా వాళ్లను చూసి నాకెప్పుడూ ఏమీ అనిపించలేదు. ఎందుకంటే లెక్క నాది. ఎన్ని బాతులున్నాయో నేను చెబితే సారు నోటుబుక్కులో రాసుకుని వాట్సప్ గ్రూపులో పెట్టేవాడు.

నేను పదో తరగతి లెక్కల్లోనే తప్పాను. తర్వాత మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేరి, బస్తాలు చూసి లెక్క నేర్చుకున్నాను. ముందు వరుసలో ఎన్ని, ఎత్తు ఎన్ని, లోపలికి ఎన్ని వరుసలు అని చూసి హెచ్చవేయడమే. చెరువు మీదా అదే చేసేవాణ్ని. నీటిని గళ్లుగా ఊహించుకుని, ఒక గడిలో బాతుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఎన్ని గళ్లుంటే అన్నింటితో హెచ్చవేసేవాణ్ని. ఇరవై నిమిషాలు పట్టేది. అంతసేపూ ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ ఇరవై నిమిషాలూ నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

నా భార్యకు షుగరుందని, రోజూ నడవాలని దవాఖానలో చెప్పారు. అందుకే ఆమెను వెంట తీసుకెళ్లాను. ఆమె పిట్టల కోసం రాలేదు. మొదటి ఆదివారం నేను లెక్క ముగించి నాలుగు వందల పన్నెండు అన్నాను. ఆమె చాయ్ తాగుతూనే, అంత ఉండవు, పదిహేను కట్టల మీద ఏడో ఎనిమిదో ఉంటాయంది. సారుకు అర్థం కాలేదు. కట్టంటే ఇరవై అయిదు బీడీలు. ఆమె పదమూడో ఏట నుంచి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసిన మనిషి. బీడీలు చేసే ఆడవాళ్లు కట్ట కట్టేటప్పుడు లెక్కపెట్టరు. చాటలోంచి పిడికెడు తీస్తారు, అవి ఇరవై అయిదే ఉంటాయి.

"గంత తొందరగ ఎట్ల లెక్కపెట్టినవమ్మా?" అని సారు అడిగాడు.

"లెక్కపెట్టుడేంది సారూ, కనబడుతనే ఉన్నయి గద."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి, ప్రతి బాతు మీదా ఎర్రచుక్క పెట్టుకుంటూ పోయాను. మూడు వందల ఎనభై నాలుగు చుక్కలు వచ్చాయి. ఆమె చెప్పిన దానికన్నా ఒకటో రెండో ఎక్కువ. ఆ ఫోటో ఎవరికీ చూపలేదు.

తర్వాతి ఆదివారం నుంచి సారు ముందుగా ఆమెనే అడగడం మొదలుపెట్టాడు. "ఇంట్లనే ఇంత మనిషిని పెట్టుకోని మాకు ఇన్నొద్దులు చెప్పకపోతివి తమ్మీ" అని నా భుజం తట్టాడు. నేను ఆమె లెక్కలో తప్పులు వెతకసాగాను. ఒకటి దొరికింది. నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లికోళ్లను కూడా ఆమె బాతుల్లోనే కలిపేస్తోంది. అది అందరి ముందూ చెప్పాను. ఆమె ఏమీ అనుకోలేదు. వచ్చే దారిలో బండి మీద వెనుక కూర్చుని, బొల్లికోడి ఎట్లుంటుంది, సూదితోక బాతు ఎట్లుంటుంది అని అడిగింది. ముక్తసరిగా చెప్పాను. మరుసటి వారం విడివిడిగా చెప్పింది. అవీ సరిపోయాయి. ఆమె మోకాళ్లు నొస్తున్నాయన్న రోజు, అయితే రావద్దులే అని నేను ఎంత తొందరగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. ఆమె మాత్రం వచ్చింది.

ఆ నడుమ, జిల్లాలో పిట్టలు చూసేవాళ్లంతా ఒకే ఆదివారం లెక్కపెట్టి, చెరువుకొక సంఖ్య, పక్కన లెక్కపెట్టినవారి పేరు రాసి పుస్తకంగా వేద్దామనుకున్నారు. నా పేరు ఓటర్ల లిస్టులో తప్ప ఇంకెక్కడా అచ్చయింది లేదు. మా చెరువు పక్కన నా పేరే ఉండాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున సారు మా ఇద్దరికీ చెరో చీటీ ఇచ్చి దూరంగా నిలబెట్టాడు. పొగమంచు విడిచాక సూదితోక బాతులు నడి చెరువులో కనబడ్డాయి. నేను సగం గళ్లు పూర్తి చేశానో లేదో, ఒక గద్ద కిందికి దిగింది. మంద మొత్తం ఒక్కసారిగా లేచింది. గళ్లూ లేవు, వరుసలూ లేవు. చేతికి అలవాటుగా కెమెరా నొక్కాను. వచ్చిన సగాన్ని రెండింతలు చేసి మూడు వందల ఎనభై అని రాశాను. ఆమె చీటీలో పదిహేడు కట్టలు, పదకొండు అని ఉంది. అంటే నాలుగు వందల ముప్పై ఆరు.

సారు రెండు చీటీలూ చూసి, ఫోటో ఉంది గదా, దాంట్లో లెక్కపెట్టి సాయంత్రంలోగా గ్రూపులో పెట్టు, ఎవరిది దగ్గరైతే వాళ్ల పేరు పంపుతా అన్నాడు. నా తగువుకు నన్నే పెద్దమనిషిని చేశాడు.

మధ్యాహ్నం తిన్నాక చుక్కలు పెట్టాను. నాలుగు వందల ముప్పై తొమ్మిది. మళ్లీ పెట్టాను. అదే. మూడోసారి పెట్టలేదు. ఫోటో కుడిపక్క అంచును మెల్లగా లోపలికి జరుపుతూ పోయాను. మిగిలినవి మూడు వందల ఎనభై ఒకటైనప్పుడు ఆపాను. ఆ అంచున బాతులు చెదురుగా ఉన్నాయి కాబట్టి కోసినట్టు తెలియలేదు. ఆ ఫోటో, కింద ఆ సంఖ్య గ్రూపులో పెట్టాను. సారు చప్పట్ల బొమ్మ పెట్టాడు.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె, పక్కనున్న నా ఫోను మోగితే తీసి చూసింది. ఎంతోసేపు చూడలేదు.

"గీ ఫోటోల రెండు కట్టల మీద తక్కువున్నయి. ఏమైనయి అవి?"

కంప్యూటర్ అప్పటికింకా ఆన్‌లోనే ఉంది. తెర మీద మొత్తం ఫోటో, ఎర్రచుక్కలతో సహా. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తెరను చూసింది, నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఉండనియ్యి తియ్యి. నీదే పోనియ్యి. నాకు పేరెందుకు, సారుకు నేనేం చెప్ప" అని మళ్లీ చిక్కుడుకాయల దగ్గరికి పోయింది.

ఆమె మంచిమనసు చూసి నేను మారిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. లెక్కలో గెలిచింది చాలక, గెలుపును నాకు దానం కూడా చేస్తోందని ఒళ్లు మండింది. పుస్తకంలో నా పేరు చూసినప్పుడల్లా అది ఆమె విడిచిపెట్టింది కాబట్టి ఉందని నాకు తెలుస్తుంది, ఆమెకూ తెలుస్తుంది. ఆ బాకీ మోయడం నావల్ల కాదు. మొత్తం ఫోటో గ్రూపులో పెట్టి, ఇందాకటిది నేను కోసిన ఫోటో, అసలు సంఖ్య నాలుగు వందల ముప్పై తొమ్మిది అని రాశాను. తర్వాత సారు ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, సరిగ్గా ఎలా రాయాలో అడిగాడు. రాసి పంపాను.

ఇప్పుడు ఆదివారాల్లో లెక్క ఆమెది, ఫోటో నాది. తీస్తున్నాను. ఆమె కూరగాయలకు పోయినప్పుడు మాత్రం తలుపు దగ్గరేసి, డబ్బాలోని చింతగింజలు గుప్పెడు తీసి, గుప్పిట విప్పి ఒక్క చూపులో ఎన్నో చెప్పుకుని, ఆపైన లెక్కపెడతాను. ఇరవై అయిదు కోసం తీస్తే ఒకసారి ఇరవై ఒకటి, ఒకసారి ముప్పై వస్తున్నాయి. నిన్న ఇరవై మూడు వచ్చాయి.