గిన్నెలైన రికార్డులు

పోయిన ఆదివారం ఉదయం పదిన్నరకు, సికింద్రాబాద్‌లోని పాత సామాన్ల అంగట్లో, ఏళ్ల తరబడి వెతుకుతున్న రికార్డు దొరికింది. అట్ట మీద అదే ఆకుపచ్చ పడవ. నాన్న దగ్గర ఒకప్పుడు ఉన్న రికార్డే, ఇంకో ప్రతి. అన్నీ వయొలిన్లు, అకార్డియన్, పాడేవాళ్లు లేరు.

నా ఎనిమిదో ఏట, మారేడ్‌పల్లి ఇంట్లో, మేనత్త నాన్నవి అలాంటి రికార్డులు నాలుగింటిని వేడినీళ్లలో మెత్తబరిచి, అంచులు మడిచి, షోకేసులోకి గిన్నెలు చేసింది.

"గొంతులన్నీ అరిగిపోయినయ్ అన్నా. ఉత్త వాయింపే మిగిలింది," అని నాన్నకు చెప్పింది. నేనూ నమ్మి, ఆ గాయకుల మీద జాలిపడ్డాను. పాడేవాళ్లు మొదటినుంచే లేరని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆదివారం సాయంత్రమే ప్లేయరుతో సహా పద్మారావు నగర్‌లో ఆ మేనత్త ఇంటికి వెళ్లాను. మంచం పక్కన పెట్టి వినిపించాను. కళ్లు మూసుకుని తలాడించింది.

"మస్తుగుందే. ఏడ దొరికింది? జెర ఇంకోసారి పెట్టు."

"నువ్వు గిన్నె చేసింది ఇదే అత్తమ్మా. ఇంక పెట్టను."

రికార్డు తీసి సంచిలో పెట్టుకున్నాను. నాకు హాయిగా ఉంది.

ఆ రికార్డులతో పాటు ఈల వేసే నాన్న, గిన్నెలు చేసిన రోజు నుంచి ఇంట్లో ఈల వేయలేదు. దొరికింది ఒక రికార్డు. ఇంకా దొరకనివి మూడు రికార్డులు, నాన్న ఈల.