డాక్టరమ్మ చదివిన నా కుళ్లు

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఉదయగిరిలో మా వదిన నెలనెలా బయట చేరి పెరటి పంచలో కూర్చునే మూడు రోజులూ కడుపు పట్టుకుని ఏడ్చేది. అన్న ఆమెకు బత్తాయిలు తెచ్చేవాడు. ఇంటిపనంతా నామీద పడేది. పైకి అనలేక ఆ కుళ్లంతా డైరీలో రాసుకునేదాన్ని.

ఒకసారి నొప్పి మరీ ఎక్కువై, ఆత్మకూరులో బస్సు మారి నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కడుపు నొక్కి చూసిన డాక్టరమ్మ చేతికి పేగులో గడ్డ తగిలింది. నొప్పి ఏయే రోజుల్లో వస్తుందని అడిగింది. అన్న పక్కనుండగా వదిన నోరు విప్పలేదు.

“మా చెల్లెలు అన్నీ రాస్తాదమ్మా,” అంటూ అన్న నా సంచిలోంచి డైరీ తీసి ఇచ్చాడు.

డాక్టరమ్మ పైకే చదివింది: “వదిన మళ్లీ బయట కూర్చుంది. దొడ్డికి పోతే రక్తం పడిందని ఏడుపు. బత్తాయిలు ఆమెకు, అంట్లు నాకు. నాకూ ఏదైనా రోగం వస్తే బాగుండు.”

నేను తలుపు వెనక దాక్కున్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. తేదీలన్నీ చూసి, గర్భసంచి లోపలి పొరలాంటిది పేగుమీద పెరిగిందని చెప్పింది.

“అండాశయాలు తీసేస్తే నొప్పి పోతుంది, కానీ పిల్లలు పుట్టరు. లేదంటే చెడిన పేగు ముక్క కోసి, కొసలు కలిపి కుట్టాలి. అది పెద్ద ఆపరేషను, ప్రాణభయం ఉంది.”

“ముక్కే కొయ్యండమ్మా,” అంది వదిన.

ఆపరేషనైన నాలుగో రోజు నన్ను పిలిచి, “ఏంది పిల్లా, ఇంకా ఏమేం రాసినావు నా మీద?” అంది. నేను భోరుమన్నాను. “ఏడవమాక. నువ్వు రాయకపోతే నా గతేంది?” అంది.

రెండేళ్లకు వదినకు ఆడపిల్ల పుట్టింది. మళ్లీ అందరూ ఆమె చుట్టూనే. నాకు మళ్లీ అసూయే. ఈసారి మాత్రం మనసులో దాచుకోకుండా, ఎత్తుకోడానికి పాపను ముందు నాకే ఇమ్మని నోరు తెరిచి అడిగాను.