నీళ్ళ బొమ్మలో నీళ్ళేవి?

ఆదివారం పన్నెండున్నరకి అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో బయలుదేరాం, నేనూ మా వియ్యపురాలు సుగుణ వదినా. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో డ్రాయింగ్ టీచరు. నేను మూడో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని. అట్లాంటా మ్యూజియంలో ఒక వాటర్ కలర్ బొమ్మ ఉందట. ఈ అమెరికా కూడా ఇంగ్లీషు దొరల చేతిలో ఉన్ననాటి పొలాలూ, వెనక కొండలూ. వెలుతురుకి రంగు వెలుస్తుందని ఆ సాయంత్రమే తీసి పెట్టెలో పెట్టేస్తారట. మళ్ళీ కొన్నేళ్ళదాకా బయటికి రాదు. వదిన అది చూసి తీరాలంది.

మా అమ్మాయి కార్లో నార్త్ స్ప్రింగ్స్ రైలు స్టేషన్లో దింపింది. టిక్కెట్టు తలకి రెండున్నర డాలర్లు. ఒంటిగంట ఇరవైకి ఎక్కిన రైల్లో చింతకాయ పచ్చట్లో మెంతులెన్నని వాదులాడుకుంటూ దిగాల్సిన స్టేషన్ దాటేశాం. ఎదురుగా కూర్చున్న నల్లజాతి పెద్దావిడ నవ్వింది. "మ్యూజియమా? అది వెనకే ఉండిపోయింది, తల్లులూ!" అందని వదిన చెప్పింది. దిగి, అవతలి రైలెక్కి, చేరేసరికి రెండున్నర.

ఆ గదిలో దీపాలు మరీ మసక. వదిన కళ్ళకి శుక్లాలు. బొమ్మ అద్దం దగ్గరికి వంగితే కాపలా అతను వెనక్కి జరగమన్నాడు. ఫోటో కూడా కూడదన్నాడు.

"ఏదో పచ్చగా, ఏదో నీలంగా... అంతే వదినగారూ," అని ముఖం చిన్నబుచ్చుకుంది.

"మీరు అడగండి, నేను చెప్తా. ముందు నీళ్ళేవీ? నీళ్ళ బొమ్మన్నారు, చుక్క లేదే!"

ఆవిడకి నవ్వాగలేదు. "నీళ్ళ బొమ్మ కాదండీ, నీళ్ళతో వేసిన బొమ్మ!"

గడ్డివాములు ఏడు. వంకరటింకర కట్టెల దడి. కోసిన చేలో చెట్ల మొద్దులు ఇంకా ఉన్నాయి, అంటే అడవి కొట్టి కొత్తగా చేసిన పొలం. ఒక వాము పల్లంలో వేశారు.

"వానొస్తే అడుగు కుళ్ళదూ? వీడికి సేద్యం తెలీదు."

"రైతుకా, బొమ్మ వేసినాయనకా?"

"ఇద్దరికీ!"

కొండలు మూడు వరసలు. చివరిది ఉందా లేదా అన్నట్టుంది. వదిన కళ్ళు మూసుకుంది. "చెప్పండి, ఇప్పుడు కనిపిస్తోంది."

నాలుగింటికి బయట బల్లమీద పులిహోర తిన్నాం. మీరూ వెళితే ఆర్ట్స్ సెంటర్ స్టేషన్లో దిగండి, పచ్చళ్ళ మాట మాత్రం తిరుగు రైలుకి దాచుకోండి. మేం ఆ తిరుగు రైల్లోనూ పచ్చడి ఊసెత్తలేదు. ఆవిడ బొమ్మంతా మొదటినుంచీ మళ్ళీ నాచేత చెప్పించుకుంది. తర్వాత సీసాలో నీళ్ళతో వేలు తడిపి కిటికీ అద్దం మీద గీసింది.

"ఇవిగో, మీరడిగిన నీళ్ళు."

మూడు కొండలు, దడి, ఏడు వాములు. నార్త్ స్ప్రింగ్స్ వచ్చేలోపే ఆరిపోయాయి గానీ, నేను చూశాను. పల్లంలో వాముని ఆవిడ గట్టు మీదికి ఎక్కించింది.