చదవకుండా రాసిన చీటీ

రెండు వారాల కింద ఒక పొద్దున ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతులకు పోతుంటే ఫోన్ వచ్చింది. మా బడిలో తెలుగు చెప్పి, మూడేళ్ల కింద రిటైరైన పండిత్ సారు కరీంనగర్ ఆసుపత్రిలో పోయారు. నేను తరగతిలోకి పోయి బోర్డు మీద లెక్క మొదలుపెట్టాను. సగంలో చెయ్యి ఆగిపోయింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని ఇప్పుడు కూర్చుంటే, ముందు నా గురించి ఒక చెడ్డ మాట రాయక తప్పడం లేదు.

మాది లక్సెట్టిపేట దగ్గరి సర్కారు బడి. సారు రాకముందు మా లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గదిలో ఒక ఇనుప బీరువా. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే తాళం తీసి, దుమ్ము దులిపి, పుస్తకాలను తాళ్లకు వేలాడదీసేవాళ్లం. వాళ్ల జీపు గేటు దాటగానే మళ్లీ లోపల పడేసేవాళ్లం. సారు వచ్చిన నెలకే ఆ బీరువాను మధ్యాహ్న భోజనం పెట్టే వరండాలోకి జరిపించారు. తాళం తీసేశారు. పుస్తకాలు పోతాయని నేనే ముందు అడ్డం పడ్డాను.

"పోనీయుండ్రి సార్. చెదలు తినేకంటే పిలగాండ్లు తింటే మంచిదే గద" అన్నారు.

నిజంగానే పిల్లలు పళ్లెం ఒక పక్క, పుస్తకం ఒక పక్క పెట్టుకుని తినేవారు. పేజీలకు పప్పు అంటేది. ఆయన తడిగుడ్డతో తుడిచి ఎండకు పెట్టేవారు.

మమ్మల్నీ వదల్లేదు. శనివారం వచ్చిందంటే ప్రతి టీచరుకూ ఒక పుస్తకం. చదివి, అది ఏ విద్యార్థికి ఇవ్వాలో, ఎందుకో చీటీ రాసి లోపల పెట్టాలి. "రుచి చూడకుండ వడ్డిస్తే ఎట్ల? ఉప్పెక్కువైందో తక్కువైందో మనకు ఎర్కుండాలె" అనేవారు. నేను మంచిర్యాల నుంచి బస్సులో వచ్చిపోయేవాణ్ని. నా పుస్తకం సంచిలోనే పోయి సంచిలోనే తిరిగొచ్చేది. "ఏం లెక్కల సారూ, దీనికి మంచిర్యాల చూపిచ్చి తోల్కచ్చిండ్రా?" అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని.

ఒకసారి కొత్తగా వచ్చిన కట్టలోంచి ఒక సన్నటి నవల ఇచ్చారు. అట్ట మీద తండ్రి భుజాలపై కూతురు. తెరవనైనా లేదు. ఖానాపూర్ నుంచి వచ్చి తొమ్మిదిలో కొత్తగా చేరిన అమ్మాయి పేరు చీటీ మీద రాసి, "బాపు దుబాయిలో ఉన్నాడు, చదివి సంతోషపడుతుంది" అని కింద చేర్చాను. ఆ పుస్తకం అప్పటికి సారు కూడా చదవలేదు. నేను చదివే ఉంటానని నమ్మి, చీటీ తీసి తన దగ్గర పెట్టుకుని, అమ్మాయికి ఇచ్చారు.

ఆ నవలలో పనికోసం దూరదేశం పోయిన తండ్రి పెట్టెలో తిరిగొస్తాడు. ఆ అమ్మాయి తండ్రి కూడా అట్లాగే వచ్చాడట, బడిలో చేరకముందే. బాపు దుబాయి పోయాడని విన్నామే తప్ప, మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఆమె నాలుగు రోజులు బడికి రాలేదు.

ఆమె పక్కింటి పిల్లలు చెప్పగా విషయం తెలిసిన రోజు సారు స్టాఫ్ రూములో నా చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. అందరి ముందూ నన్ను ఒక్క మాట అనలేదు. "నేను చూడకుండ ఇచ్చిన. తప్పు నాదే. ఆ పిల్ల ఇంటికి పోయొస్త" అని చెప్పులేసుకున్నారు. నేనూ వస్తానని అనాల్సింది. పరీక్ష పేపర్లు ముందేసుకుని తల దించుకున్నాను. ఆ తరువాత కూడా ప్రతి శనివారం నాకు పుస్తకం ఇస్తూనే ఉన్నారు. మంచిర్యాల మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

సారు పోయిన పదకొండో రోజున వాళ్లింటికి పోతే ఆ అమ్మాయి కనిపించింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇస్తార్లు వేస్తోంది. పక్కకు పిలిచి చెప్పాను.

"బిడ్డా, అప్పుడు ఆ పుస్తకం నీకు ఇయ్యమన్నది సారు కాదు. నేను."

"నాకెర్కే సార్."

"సారు చెప్పిండా?"

"లేదు. తప్పు నాదే అన్నడు. గని పుస్తకం ఇచ్చేటప్పుడే ఆయన చేతిల చీటీ సూశిన. మా లెక్కల నోటుబుక్కులు దిద్దింది మీరే గద, మీ రాత నాకు తెల్వదా?"

రెండేళ్లు నా ఎదుటి బెంచీలో కూర్చున్న పిల్ల.

"మా వాకిట్ల కూసోని, ఆ పుస్తకం నాతోని ఆఖరుదాక సదివిండు సార్. నేను ఏడ్శినప్పుడల్లా ఆగిండు. ఆయన గూడ ఏడ్శిండు." ఇస్తారి సరిచేస్తూ అడిగింది: "మీరు సదివిండ్రా?"

"లేదు బిడ్డా" అన్నాను.

తెల్లారి బీరువాలో వెతికితే అడుగు అరలో దొరికింది. మంచిర్యాల బస్సులో మొదలుపెట్టి, ఇంటికి పోయి, అన్నం తినకముందే పూర్తిచేశాను. తరువాత చీటీ తీసుకున్నాను. ఎవరికి ఇవ్వాలి అన్నచోట 'లెక్కల సారుకు' అని రాశాను. ఎందుకు అన్నచోట ఏమీ రాయలేకపోయాను.

మర్నాడు పుస్తకం మళ్లీ వరండాలో పెట్టాను. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. పేజీల్లోంచి చీటీ కొస బయటికి కనిపిస్తోంది. నా రాత వాళ్లందరికీ తెలుసు.