బూట్లు వేసుకుని ఉలి పట్టిన హైమవతి

హైమవతి మొదటిసారి పరీక్ష తప్పింది చేతుల వల్ల కాదు, కాలి వల్ల.

ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీల వెనక ఒక గది ఇల్లు, ముందు రేకుల పంచ. ఆ పంచలోనే ఆమె వడ్రంగం. తండ్రి పాపయ్య బొబ్బిలి వైపు నుంచి వచ్చి మయూర్ విహార్ ఫ్లాట్లలో బీరువాలూ దేవుడి మందిరాలూ చేసిన మనిషి. కొడుకులు లేరు. కూతురి చేతికి ఉలి ఇచ్చాడు. ఆయన చూపు మందగించాక పనంతా ఆమెదే అయింది. భర్త మహేష్ నోయిడా ఆఫీసులకు క్యాబ్ నడుపుతాడు.

పని ఆమెదే గాని పేరు ఆమెది కాదు. ఏ ఫ్లాటు తలుపు తట్టినా మొదటి ప్రశ్న ఒకటే: "మిస్త్రీ ఎక్కడమ్మా?" నేనే అంటే వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెట్ల వైపు చూసేవారు. బేరం మాట్లాడటానికి మహేష్‌కి ఫోన్ చేసేవారు. అతనికి మేకు తిన్నగా దిగ్గొట్టడం కూడా రాదు.

ఒకరోజు మహేష్ క్యాబ్‌లో విన్న మాట మోసుకొచ్చాడు. "మా బండెక్కే కుర్రోళ్లు రోజూ వీసాల కబుర్లే కదా. ఆస్ట్రేలియాకి కావాల్సిన పనోళ్ల జాబితాలో వడ్రంగి ఉందంట హైమా. వాళ్లలో సగం మంది పనులు లేవంట. నీది ఉందంట."

ఆమె నవ్వలేదు. ఆ రాత్రి అన్నం తింటూ అడిగింది: "ఆడమనిషైతే కూడానా?"

"ఆడా మగా అని రాసి లేదు."

ఆమెకు అది చాలు. దేశం మీద కన్నా ఆమె ఆశంతా తన పేరూ, వడ్రంగి అన్న మాటా పక్కపక్కన ఉండే కాగితం మీదే.

వీసాకి పెట్టాలంటే ముందు పని పరీక్ష నెగ్గాలి. అది వీడియో కాల్‌లో జరిగింది. పంచలో ఫోన్ నిలబెట్టారు. తెర మీద పరీక్షించే తెల్ల దొరసాని, పక్కన హిందీలోకి చెప్పే మనిషి. ఒక చెక్కలో గాడి తొలిచి, రెండో చెక్క కొసను అందులోకి బిగువుగా దిగేలా చెక్కాలి. బూట్లు వేసుకుని, బల్ల దగ్గర నిలబడి చేయాలి.

అక్కడే వచ్చింది చిక్కు. పాపయ్య నేర్పిన పద్ధతిలో వడ్రంగి నేల మీద కూర్చుంటాడు. చెక్కను పాదంతో తొక్కి, బొటనవేలితో అంచు బిగించి, రెండు చేతులా ఉలి నడుపుతాడు. ఉలి ఎంత లోతు దిగిందో అరికాలు చెబుతుంది. చెక్క మీద ఒట్టికాలు పెట్టొచ్చు, జోడు తొడిగిన కాలు పెట్టకూడదు.

సగం పనిలో చెక్క జారింది. హైమవతి ఆలోచించలేదు. బూటు విడిచింది, నేల మీద కూలబడింది, పాదం వేసి తొక్కింది, ఉలి ఆనించింది. తెర మీద దొరసాని చెయ్యెత్తి ఆపేసింది. ఉలికి ఎదురుగా కాలు పెట్టడం ప్రమాదమని, ఇంకోసారి హాజరు కావచ్చని జవాబు వచ్చింది.

నోయిడాలోని వీసా కన్సల్టెన్సీలో పృథ్వీరాజ్ అనే అతను ఈ వ్యవహారం చూస్తున్నాడు. విజయవాడవాడు, మెత్తగా మాట్లాడతాడు.

"మేడమ్, సింపుల్‌గా చేద్దాం. మహేష్ గారిని మెయిన్ అప్లికెంట్‌గా పెడదాం. ఫొటోలు మీ పనివే, కాకపోతే అందులో ఆయన్ని నిలబెడదాం, వీడియో పరీక్ష సంగతి నేను చూసుకుంటా. మీరు భార్యగా వెళ్తారు. ఎలాగైనా విమానం ఒకటే కదా."

"ఆయన చేత ఉలి పట్టిస్తారా?"

"పట్టుకున్నట్టు కనిపిస్తే చాలు."

మహేష్ తల గోక్కున్నాడు. "సార్, నేను పట్టుకుంటే వేలు తెగినట్టు కనిపిస్తాది."

హైమవతి లేచింది. "ఇక్కడ తలుపు తీసినోళ్లంతా నా ఎనకాల మగోడి కోసం ఎతుకుతారు. ఆ మగోణ్ని నానే డబ్బులిచ్చి నిలబెట్టుకోవాలా? నాకు రెండోసారి తారీకు ఇప్పించండి సార్. అది సేతకాకపోతే సెప్పండి."

తారీకు వచ్చింది. ఆమె ముందుగా తన కోసం ఒక బల్ల చేసుకుంది. ఎక్కడో చూసిన కొలత ప్రకారం చేస్తే అది పొడుగువాళ్ల బల్లయింది, భుజాలు పట్టేశాయి. కాళ్లు కోసి, తన నడుముకు సరిపడేలా చేసి, చెక్కను కదలకుండా పట్టే ఇనుప వైసు పక్కన బిగించింది. ఇక బరువు బూట్లు వేసుకుని పొద్దస్తమానం పంచలోనే ఉండేది. అన్నం వార్చేటప్పుడు కూడా విప్పేది కాదు.

పాపయ్యకు చూపు లేకపోయినా చెవులున్నాయి. "పొయ్యికాడ జోళ్ల సప్పుడేటి? నా పంచలో జోడుకాలితో సెక్క ముట్టుకుంటావేటే?"

"సెక్క మీద కాలు పెట్టట్లేదు నాన్నా. వైసు పట్టుకుంటంది."

"ఇనుం పట్టుకుంటే సెక్క మాటేటి తెలుస్తాది నీకు?"

ఆ మాట తగిలింది, నిజం గనక. అరికాలు మూగబోయాక ఉలి లోతు తెలియక గాడులు ఒంకర పోతున్నాయి. బిగువు లేని అతుకుల్ని పొయ్యిలో పెట్టింది. కొన్నాళ్లకు సుత్తి చప్పుడు మారడం పసిగట్టింది. లోతుకు పోయేకొద్దీ మోత మొద్దుబారుతుంది. ఆ మార్పు మోచేతికి కూడా అందుతుంది. ఒక సాయంత్రం పాపయ్య చెయ్యి చాచాడు. అతుకును వేళ్లతో తడిమాడు, గోరు దూర్చి చూశాడు, దూరలేదు.

"జోళ్లతోనే?"

"జోళ్లతోనే."

ఆయన అతుకును తిరిగి ఇచ్చేశాడు.

రెండోసారీ అదే తెర, అదే దొరసాని. హైమవతి నిలబడి, వైసు బిగించి, గాడి తొలిచి, కొస దించింది. సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే అతుకు బిగువుగా కూర్చుంది. దొరసాని తృప్తిగానే చూసి చివరికి ఒక ప్రశ్న అడిగింది. హిందీ మనిషి చెప్పాడు: "పోయినసారి చేసిన పద్ధతి తప్పని ఇప్పుడు ఒప్పుకుంటారా, అని అడుగుతున్నారు."

పక్కనున్న మహేష్ కళ్లతోనే బతిమాలాడు, అవునని చెప్పమని.

"తప్పు అనను," అంది హైమవతి హిందీలో. "మా నాన్న అలాగే పనిచేశారు, ఆయన కాలివేళ్లు పదీ ఉన్నాయి. మీ సైటులో మీ రూలు. అక్కడ బూటు విప్పను, కాలు పెట్టను. చూపించాను కదా. అంతకు మించి నా నోటితో చెప్పించకండి."

హిందీ మనిషి ఆ జవాబును ఇంగ్లీషులో చెప్పాడు. దొరసాని ఏదో రాసుకుని, కాల్ ముగించింది.

"అయిపోయింది," అన్నాడు మహేష్. "అవునంటే ఏం పోయేది?"

"నాన్న పోయేవోడు," అంది, ఉలి తుడుస్తూ. పాపయ్య గదిలోనే ఉన్నాడు, వింటూనే ఉన్నాడు.

ఫలితం వచ్చిన రోజు ఆమె మయూర్ విహార్‌లో సరోజిని గారి వంటింట్లో అరల తలుపులు బిగిస్తోంది. పృథ్వీరాజ్ ఫోన్ చేశాడు. "మేడమ్, పాస్. కాగితం మీద ఉంది: కార్పెంటర్, హైమవతి. ఇక వీసాకి పెడదాం. మహేష్ గారి పని ఏమని రాయమంటారు? సూపర్‌వైజర్ అంటే బాగుంటుంది."

"డ్రైవర్ అని రాయండి. మంచి డ్రైవరు."

సరోజిని గారు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. "అంత దూరం వెళ్లి కూడా చెక్కపనేనా హైమా?"

"ఆ పనికేనండీ ఆళ్లు నన్ను రమ్మంటన్నది," అంది హైమవతి. ఫోన్ పక్కన పెట్టి, రెండో తలుపుకు మడతబందు పట్టి, మర బిగించింది.